వెన్ను సర్దుబాటు, ఫిజియోథెరపిస్టు చేయి, మన్యం నడుము

వెన్నెముక వెనకవైపున, ఒక పూసకూ దాని కింది పూసకూ మధ్య కుడి ఎడమల రెండు చిన్న కీళ్లుంటాయి. వీటిని ఫేసెట్ కీళ్లంటారు. మనిషి ఎంత వంగగలడు, ఎంత వెనక్కి వాలగలడు, ఎటు మెలి తిరగగలడు అన్నది చాలావరకు వీటి చేతిలోనే ఉంది. కైరోప్రాక్టిక్ వైద్యంలో అడ్జస్ట్‌మెంట్ అనే ప్రక్రియ ప్రధానంగా ఈ కీళ్ల మీద జరిగేదే. చికిత్సకుడు కీలును అది సాగగలిగిన హద్దుదాకా తీసుకెళ్లి, అక్కడి బిగువును చేతితో పసిగట్టి, ఆ స్థితిలో చాలా వేగంగా, చాలా కొద్ది దూరం మాత్రమే ఒక ఒత్తు ఇస్తాడు. దీన్నే త్రస్ట్ అంటారు. సెకనులో అయిదో వంతు లోపే అది ముగిసిపోతుంది. రోగి కండరాలు బిగుసుకుని అడ్డం పడేలోగా పని అయిపోవాలి కాబట్టి అంత వేగం. కీలు తన సహజ పరిధి దాటి పోకూడదు కాబట్టి అంత తక్కువ దూరం. మెడ దగ్గర ఈ ఒత్తు బలం సుమారు 100 న్యూటన్లు, వీపు మధ్యభాగంలో సుమారు 400 న్యూటన్లు ఉంటుందని ప్రయోగశాలల్లో కొలిచారు.

ఫిజియోథెరపిస్టులు ఇదే పనిని మానిప్యులేషన్ అంటారు. చేతి కదలికలో రెండు వృత్తులకూ పెద్ద తేడా లేదు. ఒత్తు ఎందుకు పనిచేస్తుందని నమ్ముతారు, ఒత్తడానికి ముందు ఏం పరీక్షిస్తారు, ఒత్తిన తర్వాత రోగిని ఏం చేయమంటారు అన్న మూడింటిలోనే తేడా ఉంది. అరకు లోయలోనో పాడేరు కొండల్లోనో నడుం నొప్పితో వచ్చిన మనిషి ముందు నిలబడిన ఫిజియోథెరపిస్టుకు ఈ మూడూ చేతి నేర్పుకన్నా ముఖ్యమైనవి.

వెన్ను మీద చేయి వేసి నొప్పి తీయడం ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. తెలుగు పల్లెల్లో మెడో నడుమో ఉన్నట్టుండి పట్టేస్తే ఇరుకు పట్టిందంటారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుం మీద కాలు వేసి తొక్కితే ఇరుకు వదులుతుందన్న నమ్మకం ఇప్పటికీ ఉంది. క్షౌరం అయ్యాక మెడను అటూ ఇటూ మెలిపెట్టి చప్పుడు చేయించడం పట్టణాల్లోనూ కనిపిస్తుంది. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు ఎంత పేరు పొందిందో చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోనూ ఇలాంటి నాటు వైద్యులుండేవారు. 1867లో సర్ జేమ్స్ పేజెట్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుడు, ఎముకలు సరిచేసే నాటు వైద్యుల చేతిలో నయమయ్యే కేసుల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్లు చేసే హానిని దాచకుండా చెబుతూనే, వాళ్లకు సాధ్యమైన మేలును చూసి నేర్చుకోవాలని తోటి వైద్యులకు హితవు పలికాడు. చేతి వైద్యం గురించి ఈ నాటికీ ఇంతకంటే సమతూకమైన మాట లేదు.

కైరోప్రాక్టిక్ మాత్రం ఒక సిద్ధాంతంతో పుట్టింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో 1895 సెప్టెంబరు 18న డి.డి. పామర్ అనే ఆయన హార్వీ లిలార్డ్ అనే పనివాడి వీపులో పొడుచుకొచ్చినట్టు కనిపించిన ఒక పూసను నొక్కాడనీ, దాంతో అతనికి ఏళ్ల కిందట పోయిన వినికిడి తిరిగొచ్చిందనీ చెబుతారు. పూస స్థానం తప్పి నరాన్ని అడ్డుకోవడమే రోగాలకు మూలమని పామర్ నమ్మాడు. ఆ స్థానభ్రంశానికి సబ్‌లక్సేషన్ అని పేరు పెట్టి, 1897లో బడి తెరిచాడు. వినికిడి నరం చెవి నుంచి నేరుగా మెదడుకు పోతుంది తప్ప వీపు గుండా పోదు. అప్పటి వైద్యులు ఎత్తిచూపిన ఈ అభ్యంతరానికి ఇప్పటికీ తగిన జవాబు రాలేదు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో సబ్‌లక్సేషన్ చారిత్రక భావన మాత్రమేననీ, అది రోగాలకు కారణమని చూపే పరిశోధన లేదనీ ప్రకటించింది. సిద్ధాంతం నిలవలేదు. అయినా ఆ బళ్లలో నూరేళ్లకు పైగా సానపట్టిన చేతి నేర్పు నిజమైనది. ఫిజియోథెరపిస్టుకు పనికొచ్చేది అదే.

ఆ నేర్పులో పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్కువమంది వాడేది డైవర్సిఫైడ్ పద్ధతి. నడుము కోసమైతే రోగిని పక్కకు పడుకోబెట్టి, పైకాలి మోకాలు మడిచి, భుజాన్ని వెనక్కీ కటిని ముందుకూ తిప్పుతూ బిగువు తెచ్చి, అరచేతి మడమతో కావలసిన పూస దగ్గర ఒత్తుతారు. వీపుకైతే బోర్లా పడుకోబెట్టి, రోగి ఊపిరి వదులుతున్న చివర్లో కిందికి ఒత్తుతారు. వీటికి మంచమో బల్లో ఉంటే చాలు. విస్కాన్సిన్‌లోని క్లారెన్స్ గాన్‌స్టెడ్ పేరిట నడిచే పద్ధతిలో మెలితిప్పడం దాదాపు ఉండదు. మెడను కూర్చోబెట్టే సర్దుతారు. కాని పూర్తి వెన్నెముక ఎక్స్‌రేలు తీసి, పూసల వాలును కొలిచి, దాన్నిబట్టి ఒత్తు దిశ నిర్ణయిస్తారు. అంతటి ఎక్స్‌రే భారం రోగికి లాభం చేస్తుందని రుజువు కాలేదు. కాళ్ల పొడవును పోల్చి ఏ పూస తప్పిందో చెప్పడమూ, వేళ్లతో తడిమి కదలని పూసను పట్టుకోవడమూ అంతే. ఒకే రోగిని ఇద్దరు నిపుణులు చూస్తే ఇద్దరి జవాబులూ తరచు కలవవు. ఫిజియోథెరపీలో నేర్పే తడిమి చూసే పరీక్షలకూ ఇదే లోపం ఉంది. ఏ పూస అన్న ప్రశ్న కంటే, ఏ కదలికలో నొప్పి పెరుగుతోంది, ఏ కదలికలో తగ్గుతోంది అన్న ప్రశ్నే చికిత్సకు దారి చూపుతుంది.

జె. క్లే థామ్సన్ 1950లలో తయారుచేసిన బల్లలో, ఒత్తిన క్షణంలో రోగి కింది పలక కొద్దిగా జారుతుంది. చికిత్సకుడి బలం తక్కువ సరిపోతుంది. జేమ్స్ కాక్స్ పద్ధతిలో త్రస్టే లేదు. నడుం భాగంలో వంగే బల్ల మీద రోగిని బోర్లా పడుకోబెట్టి, మెల్లగా కిందికి వంచుతూ లాగుతారు. డిస్కు జారి కాలిలోకి నొప్పి పాకినవాళ్లకు దీన్ని వాడతారు. ఆర్లన్ ఫూర్, వారెన్ లీ రూపొందించిన యాక్టివేటర్ స్ప్రింగుతో తట్టే చేతి పరికరం. ఎముక బోలైన వృద్ధులకు మెత్తని మార్గమని దీన్ని ఎంచుకుంటారు. పామర్ కొడుకు బి.జె. పామర్ ప్రచారం చేసిన టాగుల్ పద్ధతి మెడలోని మొదటి రెండు పూసలకే పరిమితం. కొండ ప్రాంతపు ఆసుపత్రిలో ఇటువంటి బల్లలు దొరకవు. అది పెద్ద నష్టమేమీ కాదు. ఒక పద్ధతి మరొకదాని కంటే స్పష్టంగా మెరుగన్న రుజువు లేదు.

త్రస్ట్ ఇచ్చినప్పుడు వినిపించే చిటుకు శబ్దాన్ని రోగి పూస గూట్లో పడ్డ చప్పుడనుకుంటాడు. యూట్యూబ్ వీడియోలు ఆ నమ్మకాన్ని ఇంటింటికీ చేర్చాయి. నిజానికి కీలు ఉపరితలాలు ఒక్కసారిగా విడివడినప్పుడు, లోపలి ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడా పరిశోధకులు వేలి కీలును ఎంఆర్ఐలో చిత్రిస్తూ ఆ ఖాళీ ఏర్పడే క్షణాన్నే పట్టుకున్నారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలపాటు అదే కీలు మళ్లీ చిటుక్కుమనదు. శబ్దం రానంత మాత్రాన చికిత్స విఫలమైనట్టు కాదు, వస్తే పూస కదిలి కొత్తచోట కూర్చున్నట్టూ కాదు. ఒత్తు వల్ల కీలు చుట్టూ ఉన్న నరాల నుంచి వెన్నుపాముకు ఒక్కసారిగా సంకేతాలు పోతాయి. బిగిసిన కండరం కాసేపు సడలుతుంది, నొప్పి కాసేపు మందగిస్తుంది. ఆ కాసేపే అసలైన అవకాశం. అంతవరకు భయంతో వంగని మనిషి ఆ సమయంలో వంగి చూస్తాడు, నడిచి చూస్తాడు. వ్యాయామం నేర్పవలసింది అప్పుడే.

ఫలితాల లెక్క కూడా ఇదే చెబుతుంది. కొత్తగా పట్టిన నడుం నొప్పి మీద 26 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష 2017లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. నూరు పాయింట్ల నొప్పి కొలబద్ద మీద సుమారు పది పాయింట్లు తగ్గినట్టు తేలింది. దీర్ఘకాలపు నొప్పి మీద 47 ప్రయోగాలను పరిశీలించిన సమీక్ష 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వ్యాయామం వంటి ఇతర మంచి చికిత్సలకు మానిప్యులేషన్ తీసిపోదనీ, వాటిని మించిపోదనీ అది తేల్చింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో రోగికి వివరించి నేర్పడం, వ్యాయామంతో పాటు మానిప్యులేషన్‌కూ చోటుంది. బ్రిటన్ మార్గదర్శకం ఇంకొంచెం కఠినంగా, వ్యాయామంతో కలిపి అయితేనే చేతి చికిత్స చేయమంటుంది. మేలు ఉంది, చిన్నది. ఉబ్బసం, చెవిపోటు, పసిపిల్లల ఏడుపు వంటివి వెన్ను సర్ది నయం చేస్తామనే వాళ్ల మాటకు ఆధారం లేదు. ఫిజియోథెరపిస్టు ఆ దారిన పోకూడదు.

ఈ విద్య ఫిజియోథెరపీకి కైరోప్రాక్టిక్ నుంచే అరువు రాలేదన్నదీ గుర్తుంచుకోదగ్గది. లండన్‌లో జేమ్స్ సిరియాక్స్ అనే వైద్యుడు వెన్ను మానిప్యులేషన్‌ను ఫిజియోథెరపిస్టుల చేతికే అప్పగించాలని జీవితమంతా వాదించాడు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మెయిట్లండ్ 1964లో వెన్నుపూసల మానిప్యులేషన్ మీద గ్రంథం వెలువరించాడు. కీలు మీద ఒత్తిడిని ఆయన మెట్లుగా విడదీశాడు. మొదటి రెండు మెట్లలో బిగువు తగలకుండా మెల్లగా ఊపడమే ఉంటుంది. మూడు, నాలుగు మెట్లలో బిగువులోకి పోతారు. అయిదోది త్రస్ట్. ప్రతి మెట్టు దగ్గరా ఆగి రోగిని మళ్లీ వంగమని చూడాలన్నదే ఆయన నేర్పిన అసలు క్రమశిక్షణ. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ, రోగి తన కదలికతో తానే నొప్పిని తగ్గించుకునే మార్గాన్ని చూపాడు. బ్రయన్ మల్లిగన్ రోగి కదులుతుండగానే కీలును ఆదుకునే పద్ధతిని తెచ్చాడు. ఇవన్నీ మన కళాశాలల్లో చెప్పే పాఠాలే. మన దేశంలో 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పది వృత్తి విభాగాలను గుర్తించింది. అందులో ఫిజియోథెరపీకి విడిగా ఒక విభాగం ఉంది, కైరోప్రాక్టిక్‌కు లేదు. కాబట్టి ఇక్కడ వెన్ను సర్దుబాటుకు జవాబుదారీ వహించగల వృత్తిగా ఫిజియోథెరపీయే ముందు నిలుస్తుంది.

అరకు, పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. బగత, కొండదొర, కోటియా, వాల్మీకి, పోర్జ, గదబ, కోందు తెగల వాళ్లు బతికే ఈ కొండల్లో నడుం నొప్పిని పని నుంచి విడదీసి చూడలేం. పోడు చెక్కల్లో ఒక కాలు ఎగువన, ఒక కాలు దిగువన పెట్టి గంటల తరబడి వంగి చోళ్లకు కలుపు తీస్తారు. గెడ్డల పక్క మడుల్లో వరి నాట్లు, ఆ తర్వాత పసుపు తవ్వకం. నవంబరు నుంచి కాఫీ పళ్ల కోత. కొమ్మ వంచుతూ, వాలు నేల మీద కాలు నిలదొక్కుకుంటూ కోసి, నిండిన బస్తాను మోసుకుంటూ దిగాలి. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగ కోసం నిచ్చెనలెక్కాలి. ఆడవాళ్లకు నీళ్లు, కట్టెలు తల మీద. మగవాళ్లకు కావిడి భుజం మీద. దారిలేని ఊళ్లలో జబ్బుపడ్డవాళ్లను, నిండు గర్భిణులను డోలీలో మోసేదీ ఆ భుజాలే.

ఈ భారాల గురించి శరీరశాస్త్రం కొంత చెప్పగలదు. 1999లో జర్మనీలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక వ్యక్తి నడుం డిస్కులో కొలపరికరం అమర్చి ఒత్తిడి చూశారు. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్నది, మోకాళ్లు వంచకుండా నడుము వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు 2.3కు పోయింది. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. తల మోపు శక్తి ఖర్చు విషయంలో పొదుపైనదే. తమ బరువులో అయిదో వంతు దాకా తల మీద మోసే ఆఫ్రికా స్త్రీలకు అదనపు శక్తి ఖర్చు దాదాపు కనిపించలేదని 1986 నాటి పరిశోధన తేల్చింది. అంటే తల మీద మోయొద్దని చెప్పడం తెలివైన సలహా కాదు, పాటించగలిగిన సలహా అంతకంటే కాదు. బరువు తగ్గించి రెండు విడతలుగా తెమ్మనడం, మెత్తని చుట్టకుదురు వాడమనడం, డోలీ, కావిళ్లు మోసేవాళ్లను భుజం మార్చుకుంటూ నడవమనడం పాటించగలిగినవి. మరొక సలహా ఇంకా విలువైనది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. నిద్ర లేచిన మొదటి గంటల్లో వంగడం తగ్గిస్తే దీర్ఘకాలపు నొప్పి తగ్గుతుందని 1998లో ఒక ప్రయోగం చూపింది. తెల్లవారకముందే బిందెలు ఎత్తే ఇళ్లలో, నీళ్లు ముందురోజు సాయంత్రమే తెచ్చి పెట్టుకోవడం చికిత్సలో భాగమవుతుంది.

ఎప్పుడు ఒత్తకూడదో తెలియడం ఈ కొండల్లో అన్నిటికంటే పెద్ద విషయం. ప్రపంచపు క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. ఎముకలకు సోకే క్షయ ఎక్కువగా చేరేది వెన్నులోనే. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, వెన్ను మీద తడిమితే తగిలే గూని. వీటిలో ఏదున్నా చేయి వెనక్కి తీసుకోవాలి. క్షయ తిన్న పూస మీద త్రస్ట్ ఇస్తే పూస కుంగి కాళ్లు పడిపోవచ్చు. అదే మనిషికి నెలల తరబడి సరైన మందులు పడితే చాలావరకు నయమవుతుంది.

రెండోది సికిల్ సెల్. తూర్పు కనుమల ఆదివాసీల్లో ఈ జన్యు వ్యాధి ఉందని తెలిసిందే. దీన్ని 2047 నాటికి నిర్మూలించే లక్ష్యంతో 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమం ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. కొడవలి ఆకారంలోకి మారిన ఎర్రకణాలు చిన్న రక్తనాళాలను మూసేస్తే ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. నడుము, తుంటి దానికి ఇష్టమైన చోట్లు. తుంటి కీలులో తొడ ఎముక తల రక్తం అందక చనిపోవడమూ మామూలే. చలి, నీరు తక్కువ తాగడం, అలసట ఆ నొప్పిని రేపుతాయి. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగే నెలలూ కాఫీ కోత నెలలూ ఒకటే. ఆ రోజుల్లో వచ్చిన కుర్రవాడి నడుం నొప్పిని బరువెత్తి పట్టేసిందని తీసిపారేయకుండా రక్తపరీక్ష అడగాలి. అతనికి కావలసింది నీరు, వెచ్చదనం, నొప్పి మందు, వైద్యుడు. సర్దుబాటు కాదు.

మైదానంలో మూడో ప్రమాదం, తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో 1937లో దీన్ని గుర్తించి లోకానికి తెలియజేశారు. నల్గొండ సంగతి అందరికీ తెలుసు. లిగమెంట్లలో సున్నం పేరుకుని వెన్ను కర్రలా బిగుస్తుంది, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. కదలని వెన్నును కదిలించాలన్న ఉత్సాహం ఇక్కడ ప్రమాదకరం. మూత్రం తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం ఏ రోగిలో కనిపించినా అది ఆ రోజే శస్త్రచికిత్సకు పంపవలసిన స్థితి.

మెడ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మెడ పూసల్లో నుంచి మెదడుకు పోయే ధమనులు వేగంగా తిప్పినప్పుడు చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే అయినా ఆ నష్టం తీరనిది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా పక్షవాతం వచ్చిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. వెనక్కి వాల్చి ఉంచినందుకే అలా జరగగలిగినప్పుడు, స్కానింగు నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో విశాఖలో ఉన్న చోట మెడ మీద త్రస్ట్‌కు న్యాయం లేదు. మెడ నొప్పికి వీపు ఎగువభాగాన్ని కదిలించడం, మెల్లని మొబిలైజేషన్, వ్యాయామం చాలినంత పనిచేస్తాయి.

వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి వచ్చి సర్దించుకోమనే కైరోప్రాక్టిక్ క్లినిక్ నమూనా కొండకు సరిపడదు. పాడేరుకో అరకుకో రావడానికి ఒక రోజు కూలి పోతుంది. ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చన్న లెక్కతోనే మొదటి కలయిక సాగాలి. ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో నొప్పి కథ వినగలిగిన ఆరోగ్య కార్యకర్త పక్కనుండాలి. ఏం చేయబోతున్నారో ఆ భాషలోనే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ప్రమాద సూచనలు లేవని తేలాక, కొద్ది రోజులుగానే ఉండి, మోకాలి కిందికి పాకని నొప్పి అయితే నడుముకు ఒకటి రెండు ఒత్తులు ఇవ్వవచ్చు. ఇలాంటి రోగుల్లోనే మానిప్యులేషన్ బాగా పనిచేస్తుందని 2002, 2004లో వచ్చిన అమెరికా ఫిజియోథెరపిస్టుల పరిశోధనలు సూచించాయి. తర్వాత ఒకటో రెండో వ్యాయామాలు చేయించి చూసి, ఏ పని ఎలా మార్చుకోవాలో చెప్పి పంపాలి. సగం మందికి దాకా ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పిగా ఉంటుందని ముందే చెప్పకపోతే, రోగి తిరిగి తొక్కించుకోవడానికే పోతాడు. నాటు వైద్యుడితో తగువు పడటం కంటే, జ్వరంతో కూడిన నొప్పినీ కాళ్ల తిమ్మిరినీ తన దగ్గర ఉంచుకోకుండా పంపమని ఆయనను ఒప్పించడం ఎక్కువమందిని కాపాడుతుంది.

పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో 50 సీట్లతో మొదలైంది. దానితో పాటు ఏజెన్సీలోని ఏరియా ఆసుపత్రులన్నిటిలో చేతి చికిత్సలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఆశా కార్యకర్తలకు క్షయ, సికిల్ సెల్ నడుం నొప్పుల గుర్తులు నేర్పాలి. విశాఖ, విజయవాడల ఫిజియోథెరపీ కళాశాలలు ఇంటర్న్‌షిప్‌లో కొంత కాలాన్ని కాఫీ కోత నెలల్లో ఈ కొండల్లోనే గడిపేలా ఏర్పాటు చేయాలి.